మా గుట్ట మీది పచ్చ మరకకి

శ్రీయుత పచ్చ మరక గారికి,

గారూ గీరూ ఇంతటితో సరి. ఇక నుంచి నువ్వే.

ఉదయగిరి వైపు, మేకలు తప్ప ఎవరూ ఎక్కని నల్లరాతి గుట్ట మీద, తుప్పు పట్టిన బండకి అరచేతంత మేర అంటుకుని ఉన్నావు. నేను పెదనాయన అరుగు మీద కూర్చుని ఇది రాస్తున్నా. పక్కన నీ తునక ఒకటి, ఒక ఇనప మేకు.

ఇరవై ఏళ్ల కింద పెదనాయన నీ ముక్కని గాజు గ్లాసులో వేసి బాత్రూం కడిగే యాసిడ్ పోశాడు. బుసబుసా పొంగావు. నీళ్లు పచ్చబడ్డాయి. ఈ మేకే ముంచి తీస్తే ఎర్రగా రాగి పూత! ఆయన కేకకి కోళ్లు గంప కిందికి దూరాయి. ఆ ఏడు శనగ వేయలా. గుట్ట కింద చేను కౌలుకీ ఇవ్వలా, ఎందుకంటే లారీలు తిరగడానికి దారి కావాలంట.

రాగి ఉన్న మాట నిజమే. ఎంతుందన్నదే చెప్పవు. వాన నీళ్లకి కరిగి, పగుళ్ల వెంట జారి, గాలి తగిలిన చోట మలాకైట్ అనే ఆకుపచ్చ రాగి ఖనిజంగా పూస్తావు. చిటికెడు రాగితో బండంతా పులిమేస్తావు. చారెడు సున్నంతో ఇల్లంతా వెల్ల వేసే పిసినారివి.

ఆ పైన నికెల్ గోల. ఎవరో ల్యాబుకి పంపితే 0.2 శాతం అని కాగితం వచ్చింది. రచ్చబండ దగ్గర ఎకరం రేటు ఆ రాత్రికే పెరిగింది. ఆలివిన్ అనే ఖనిజం దండిగా ఉన్న రాయి ఎక్కడిదైనా దాదాపు అంతే చూపిస్తుందని ఎవరికి తెలుసు? ఆలివిన్ తను మింగిన నికెల్‌ని అంత తేలిగ్గా కక్కదు.

అసలు కావాల్సింది గంధకం. లోతు నుంచి లేచిన శిలాద్రవంలో గంధకం ఇమడనంత అయితే, చారులో నూనెలా సల్ఫైడు బొట్లు, అంటే గంధకం లోహాలతో కలిసిన బొట్లు, విడిపోతాయి. కాకపోతే ఇవి తేలవు, బరువుకి అడుక్కి దిగుతాయి. దిగుతూ దిగుతూ రాగినీ నికెల్‌నీ పోగేసుకుంటాయి. అడుగున మడుగు కడితే గని. కెనడాలోని సడ్బరీలో 1883లో రైలు దారికి కొండ కొడుతుంటే అలాంటి మడుగే బయటపడింది. బొట్లు దారిలోనే చెదిరిపోతే? నువ్వు.

మీ వాళ్లకి ఈ మోసం కొత్త కాదులే. వెనకటికి జర్మనీ గని కూలీలు రాగి అనుకుని ఒక రాయిని కరిగిస్తే రాగి రాలేదు. దయ్యం రాయని తిట్టారు. ఆ తిట్టే తర్వాత నికెల్‌కి పేరైంది.

చీమకుర్తిని చూడు. అదీ శిలాద్రవం పేరుకుని గడ్డకట్టిన గాబ్రోనే. అందులో మెరిసేవి బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. అయినా గెలాక్సీ గ్రానైటని పేరు పెట్టుకుని దేశదేశాలు తిరుగుతోంది. నిన్ను పలకగా కోద్దామంటే రంపం తగలకముందే పొడి పొడి అవుతావు.

పోయిన వారం సుత్తులేసుకుని ఇద్దరొచ్చారు. నిన్ను కాస్త కొట్టుకుపోయారు. రేపు మళ్లీ వస్తున్నారంట. పెదనాయనకి ఎనభై దాటాయి. దేవుడి గూట్లోంచి మేకు తీయించి, "చింతపండు పెట్టి తోమరా అబ్బాయ్, వాళ్లకి చూపించాల" అన్నాడు. తోమాను. పూత ఊడొచ్చింది. కింద ఉత్త ఇనుము.

ఆయనకి చెప్పలా. పొద్దు గుంకేలోపు గుట్టెక్కి నీ నుంచి ఈ తునక కొట్టుకొచ్చా. యాసిడ్ సీసా తెచ్చా, గ్లాసూ దొరికింది. ఆయన నిద్ర లేచేలోపు ఈ మేకు మళ్లీ ఎర్రబడాల. ఇరవై ఏళ్లుగా మా ఇంటిది తిన్నావు, ఈ ఒక్క పనీ చేసి పెట్టు.

ఇట్లు,
శనగ వేయని చేనుకి వారసుడు