తెర మీది పిచ్చిరాతకు ఒక లఘు వ్యాకరణం

భాష ఉన్నచోట వ్యాకరణం ఉండాలి. ఇంటి కంప్యూటర్లో ఫైలు తెరవగానే ఎదురయ్యే పిచ్చిరాతకు మాత్రం ఇంతవరకు లక్షణగ్రంథం లేదు. జపాన్ వాళ్లు దానికి ‘మొజిబాకే’ అని పేరైనా పెట్టుకున్నారు. మనం ‘అదేదో వచ్చింది’ అని ఊరుకుంటాం.

పేరు లేకపోయినా వైద్యం మాత్రం పుష్కలంగా ఉంది. ప్రతి ఇంటికీ ఒక కంప్యూటర్ పెద్దమనిషి ఉంటాడు. ఆయన ముందు రీస్టార్ట్ చేస్తాడు. పోదు. యాంటీవైరస్ నడుపుతాడు. వైరస్ ఏమీ లేదని అది చెబితే, దొరకని రకం వైరస్ అని తేలుస్తాడు. ఆఖరి అస్త్రం ఫార్మాట్. ఫార్మాట్ తర్వాత పిచ్చిరాత నిజంగానే కనబడదు, ఫైలే లేదు కనుక. ఇంత సంపూర్ణమైన చికిత్స మరే శాస్త్రంలోనూ కానరాదు.

ఆ సంప్రదాయానికి భంగం కలిగించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పెద్దమనిషి వచ్చేలోపు ఎవరైనా ఒకసారి ఆ రాతను చదవాలని మాత్రమే మనవి. అది తన జబ్బేమిటో తానే చెప్పుకుంటుంది. మన వ్యాకరణంలో ఆదేశం, ఆగమం, లోపం అని మూడు మాటలున్నాయి. సంధి కార్యాల కోసం పుట్టిన మాటలే అయినా తెర మీది గందరగోళానికి కొలత తీసి కుట్టినట్టు సరిపోతాయి.

ముందు ఆదేశం. ‘మిత్రవదాగమః, శత్రువదాదేశః’ అన్నారు పెద్దలు. మిత్రుడు వచ్చి మన పక్కన కూర్చుంటాడు, శత్రువు మనల్ని లేపి మన పీట మీద కూర్చుంటాడు. ‘తెలుగు’ అన్న మాటలో మన కంటికి మూడే అక్షరాలు. యంత్రానికి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మళ్లీ కొమ్ము. అక్షరాలను అంకెలుగా దాచే యూటీఎఫ్-8 అనే పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, వెరసి 18. చదివే ప్రోగ్రాం వీటిని మూడేసి చొప్పున కలుపుకోవాలి. అలా కాకుండా విండోస్-1252 అనే పశ్చిమ యూరప్ పట్టిక పట్టుకుని బైటుకో అక్షరం చొప్పున చదివిందనుకోండి, మూడక్షరాల మాట స్థానంలో పద్దెనిమిది మంది శత్రువులు బారులు తీరుతారు.

ఈ శత్రుసేనకు మంచి క్రమశిక్షణ ఉంది. మూడేసి అడుగులకు ఒకడు చొప్పున, నెత్తిన వాలుగీత పెట్టుకున్న ఇంగ్లిషు చిన్న ‘ఏ’ వస్తూనే ఉంటాడు. వాడి పక్కన ఉండేది డిగ్రీ గుర్తు °, లేకపోతే కూడిక-తీసివేత గుర్తు ±. ఈ రెండూ కనబడితే అది తెలుగే, సందేహం వద్దు. అచ్చులు, హల్లులు, సున్న, దీర్ఘం, గుడి ఇవన్నీ ° కింద పడతాయి. గుడిదీర్ఘం మొదలుకొని పొల్లు దాకా ± వంతు. అదే చోట ¤ గానీ ¥ గానీ ఉంటే వచ్చింది దేవనాగరి. ® ఎక్కువగా ఉంటే తమిళం. పైకెక్కిన చిన్న 2, చిన్న 3 ఉంటే కన్నడం. పిచ్చిరాతలో కూడా పొరుగు భాష ఏదో పోల్చుకోగలిగిన ఇలాంటి పండితుణ్ణి పక్కన పెట్టి యాంటీవైరస్‌ను పిలవడం ఎంతవరకు న్యాయమో పాఠకులే ఆలోచించాలి.

ఆదేశంలో ఫైలు చెడలేదు, చదవడం చెడింది. కాబట్టి దానికి మందు వేయకూడదు, కళ్లద్దాలు మార్చాలి. ఫైర్‌ఫాక్స్‌లో పేజీ అలా కనబడితే ఆల్ట్ కీ నొక్కి, పైన వచ్చే వ్యూ మెనూలో ‘రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్’ నొక్కితే చాలు. క్రోమ్ ఆ మెనూను ఎప్పుడో తీసేసింది. మనకు అన్నీ తెలుసని దాని నమ్మకం, లేదా ఏమీ తెలియదని. వీడియోలు చూపే వీఎల్‌సీలో సబ్‌టైటిళ్లు అలా వస్తే టూల్స్, ప్రిఫరెన్సెస్, సబ్‌టైటిల్స్ దారిలో వెళ్లి డీఫాల్ట్ ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కు మార్చి, సేవ్ చేసి, వీడియోను మూసి మళ్లీ తెరవాలి. మూయకుండా ‘మార్చాను, ఏం లాభం లేదు’ అనేవాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు.

ఎక్సెల్ సంగతి వేరు. పట్టికను కామాలతో విడదీసి దాచే సీఎస్‌వీ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేయడం మన చేతికి అలవాటు, దాన్ని తప్పుగా చదవడం ఎక్సెల్‌కు అలవాటు. రెండూ మానవు. ఖాళీ వర్క్‌బుక్ తెరిచి, డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నొక్కి, ఫైలును ఎంచుకుని, ‘ఫైల్ ఆరిజిన్’ దగ్గర 65001 పెట్టాలి. ఆ అంకెకు పక్కనే యూనికోడ్ (అన్ని భాషల లిపులకూ ఉమ్మడి పట్టిక) అని రాసి ఉంటుంది. పెట్టెలో కింద తెలుగు కనబడ్డాకే లోడ్ నొక్కాలి.

ఇక్కడే ఆగమం ప్రవేశిస్తుంది, మిత్రుడిలాగే. ఫైలు మొదట్లో 3 బైట్ల బీఓఎం అనే గుర్తు ఒకటి కూర్చుంటే ఎక్సెల్ తప్పు చదవదు. అందుకే సేవ్ చేసేటప్పుడు మామూలు ‘సీఎస్‌వీ’ కాక ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అన్న రకాన్ని ఎంచుకోవాలి. అయితే మిత్రుల్లోనూ అడక్కుండా భోజనానికి కూర్చునే రకం ఉంటారు. ఈ గుర్తును ఎరగని ప్రోగ్రాం దగ్గర అది మొదటి మాటకు అతుక్కుని, రెండు చుక్కల ‘ఐ’, కోణాల కొటేషన్ గుర్తు, తలకిందుల ప్రశ్నార్థకంగా దర్శనమిస్తుంది. మొదటి కాలమ్ పేరు మాత్రమే ఎందుకు దొరకడం లేదని గంటలకొద్దీ వెతికేవాళ్లకు దీని మహిమ తెలుసు.

ఆదేశంలో ఉన్నప్పుడు చేయకూడని పని ఒక్కటే, సేవ్ నొక్కడం. కాబట్టి అందరూ చేసేది అదే. విండోస్-1252 పట్టికలో 256 గళ్లకు 5 ఖాళీ. ఆ ఖాళీల్లో పడే తెలుగు గుర్తులేవో చూడండి: అరసున్న, ఏ, ఐ, ఝ, కొమ్ము, పొల్లు. కొన్ని ప్రోగ్రాములు ఆ ఖాళీలను పదిలంగా దాస్తాయి, కొన్ని ఊడ్చేస్తాయి. అరసున్న పోయినా ఎవరికీ పట్టదు, దాన్ని మనమే ఏనాడో వదిలేశాం. ఝ లేకుండా నెల గడపొచ్చు. ఉకారాంతాల మీద బతికే భాషలో కొమ్ము పోతే, ఒత్తుల మీద నిలబడే భాషలో పొల్లు పోతే మిగిలేదేమిటి? ఆ తర్వాత ఎంత మంచి కన్వర్టర్ వచ్చినా ‘తెలుగు’ను ‘తెలగ’గానే తిరిగి అప్పగిస్తుంది.

ఊడ్చకపోయినా ఆమ్రేడితం తప్పదు. తప్పుగా చదివినదాన్ని మళ్లీ యూటీఎఫ్-8గా సేవ్ చేస్తే ఆ 18 బైట్లు 38 అవుతాయి. ఇంకోసారి తప్పుగా తెరిచి సేవ్ చేస్తే ఇంకా లావెక్కుతాయి. నెత్తిన అలలాంటి గీత ఉన్న పెద్ద ‘ఏ’ అడుగడుక్కీ కనబడితే ఇది రెండో విడత అని గ్రహించి, ఎన్నిసార్లు చిక్కు పడిందో అన్నిసార్లు వెనక్కి విప్పాలి. ఫైలు బరువు పెరిగింది కదా, సమాచారం కూడా పెరిగి ఉంటుందని సంతోషించేవాళ్లను ఏమీ అనలేం.

మూడోది లోపం. తెర నిండా వరసగా ప్రశ్నార్థకాలు. ఇవి ఫైలు మనల్ని అడుగుతున్న ప్రశ్నలు కావు. పాత నోట్‌ప్యాడ్‌లో తెలుగు టైపు చేసి, ‘ఆన్సీ’ అనే పాత పద్ధతిలో సేవ్ చేయబోతే, యూనికోడ్ అక్షరాలు పోతాయని అది ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికకు ఓకే కొట్టిన చేతి గుర్తులే ఈ ప్రశ్నార్థకాలు. ‘తెలుగు’కు ఆరు ప్రశ్నలు, గుర్తుకు ఒకటి. ‘వెలుగు’కూ ఆరే. ఏది ఏదో ఇక దేవుడికే తెలియాలి. కన్వర్టర్లు, రికవరీ సాఫ్ట్‌వేర్‌లు, పెద్దమనుషులు ఎవరూ ఇక్కడ పనికిరారు. అసలు ప్రతి ఎక్కడుందో వెతుక్కోవడమే. 2019 నాటి విండోస్ 10 నవీకరణ నుంచి నోట్‌ప్యాడ్ తనంతట తానే యూటీఎఫ్-8లో సేవ్ చేస్తోంది కాబట్టి ఈ రకం అరుదైపోతోంది. ఒక ప్రాచీన కళ కనుమరుగవుతున్నందుకు విచారిద్దాం.

నల్ల డైమండు లోపల తెల్ల ప్రశ్నార్థకం కనబడితే మాత్రం అది లోపం కాదు, లోపానికి ముందుమాట. ప్రోగ్రాం యూటీఎఫ్-8 అనుకుని చదువుతోంది, ఫైలు అది కాదు. సేవ్ చేయకుండా మూసేస్తే ఫైలు క్షేమం. సేవ్ చేస్తే ఆ డైమండ్లే శాశ్వతంగా అందులో పొదిగి ఉంటాయి.

డబ్బాల గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. తెలుగు ఉండవలసిన చోట ఖాళీ డబ్బాలుంటే అక్షరాలు భద్రం, వాటికి ఫాంటు కరువు. ఆ డబ్బాలనే కాపీ చేసి, ఫాంటు ఉన్న ఇంకో చోట అతికిస్తే తెలుగు ప్రత్యక్షమవుతుంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో గౌతమి ఉండేది, విండోస్ 8 నుంచి నిర్మల యూఐ వస్తోంది. గౌతమినే కోరే పాత పత్రాల కోసం సెట్టింగ్స్‌లోని ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవచ్చు. లినక్స్‌లో నోటో ఫాంట్లు దించుకుంటే సరి. ‘నోటో’ అన్న పేరుకే డబ్బాలు వద్దు అని అర్థం.

అన్నిటికంటే గడుసుది అన్యదేశ్యం. ఒక కంప్యూటర్లో చక్కటి తెలుగు, ఇంకో కంప్యూటర్లో అర్థంపర్థం లేని ఇంగ్లిషు ముక్కలు. అను వంటి డీటీపీ ఫాంట్లతో కూర్చిన పత్రాలకు ఇది జన్మలక్షణం. అందులో ఉన్నది మొదటి నుంచీ తెలుగు కాదు. లాటిన్ అక్షరాల గళ్లలో తెలుగు బొమ్మలు పెట్టి ఆడిన పగటివేషం. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగుకు 128 గళ్లు కేటాయించినా, మనం ఏళ్ల తరబడి ఆ సొంతింటికి తాళం వేసి పొరుగువాళ్ల అరుగు మీద పడుకున్నాం. పరీక్ష సులువు: మాటను సెలెక్ట్ చేసి ఏరియల్ ఫాంటు పెట్టండి. తెలుగు తెలుగుగానే నిలిస్తే యూనికోడ్, ఇంగ్లిషు చెత్తగా మారితే వేషం. ఈ వేషానికి ఎన్‌కోడింగ్ మెనూలు పనిచేయవు. ఏ ఫాంటులో కూర్చారో ఫాంటు పెట్టెలో పేరు చూసి, ఆ ఫాంటుకే రాసిన కన్వర్టర్ వాడాలి. ఒకదాని కన్వర్టర్ ఇంకోదానికి పెడితే వచ్చే తెలుగును ఏ ప్రయోగవాద కవీ ఒప్పుకోడు.

దీని బిడ్డే పీడీఎఫ్. కంటికి ముత్యాల్లాంటి అక్షరాలు, కాపీ చేస్తే రాళ్లు. బొమ్మలు లోపల ఉన్నాయి, ఏ బొమ్మ ఏ అక్షరమో చెప్పే పట్టిక లేదు. అలాంటప్పుడు పేజీని బొమ్మగానే భావించి ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోంచి అక్షరాలను యంత్రం చేత పోల్చించాలి. టెసరాక్ట్ అనే ఓసీఆర్ ప్రోగ్రాంకు తెలుగు వచ్చు. ఒత్తుల దగ్గర కొంచెం తడబడుతుంది, మనలాగే.

అక్షరాలన్నీ ఉండి, ఒత్తులు కిందికి దిగకుండా పొల్లులతో వరసలో నిలబడితే దాన్ని విసంధి అనాలి. తప్పు ఫాంటుది కాదు, అక్షరాలను పేర్చే ఇంజిన్‌ది. పాత ఫొటోషాప్‌లలో ఇది మామూలు: ప్రిఫరెన్సెస్‌లో టైప్ విభాగానికి వెళ్లి వరల్డ్-రెడీ లేఅవుట్ ఎంచుకుని కొత్త డాక్యుమెంటు తెరవాలి. చుక్కల సున్న మీద గుణింతం గుర్తు ఒంటరిగా వేలాడితే మాత్రం కంప్యూటర్‌ను తిట్టొద్దు. హల్లు లేకుండా గుణింతం కొట్టింది మన వేలే.

ఈ ఇంజిన్లు ఎంత సున్నితమో చెప్పడానికి 2018 ఫిబ్రవరి చాలు. జ, పొల్లు, ఞ, కంటికి కనబడని విడదీత గుర్తు ఒకటి, ఆపైన దీర్ఘం. ఈ వరసలో ‘జ్ఞా’ వచ్చిన సందేశం ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో యాప్‌లను కుప్పకూల్చింది. 11.2.6 వచ్చాకే అవి తేరుకున్నాయి. వేల భాషలున్న లోకంలో ఆ ఫోను తట్టుకోలేకపోయింది తెలుగువాడి జ్ఞానాన్నే అని మనం గర్వించవచ్చు.

ఇక తెలుగూ ఇంగ్లిషూ తేడా లేకుండా, మెనూలూ గడియారమూ సహా అన్నీ చెదిరిపోతే అది వ్యాకరణ పరిధిలోకి రాదు. స్క్రీన్‌షాట్ తీసి ఇంకో యంత్రంలో చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే దోషం కేబుల్‌దో మానిటర్‌దో. అక్కడా చెదిరితే డ్రైవర్, లేదా గ్రాఫిక్స్ కార్డు. విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కితే డ్రైవర్ తిరిగి లేస్తుంది. విండోస్ మొదలవక ముందు వచ్చే తయారీదారు తెర కూడా చెదిరి ఉంటే ఫార్మాట్ వల్ల ఒరిగేదేమీ ఉండదు. ఆ సంగతి పెద్దమనిషికి చెప్పకండి, పాపం నొచ్చుకుంటాడు.

శుద్ధిపత్రం: ఈ వ్యాసంలో డబ్బాలు కనబడితే మీకు ఫాంటు లేదు. °, ± గుర్తులు పైన చూపిన చోట కాక ఎక్కడ పడితే అక్కడ కనబడితే మీ ప్రోగ్రాం తప్పు పట్టిక చూస్తోంది. ‘సాఫ్ట్‌వేర్‌లు’ అన్న మాటలో వ విడిగా నిలవక ఒత్తుగా కిందికి దిగి కనబడితే, దారిలో ఎవరో శుభ్రత పేరిట ఆ కనబడని విడదీత గుర్తును ఊడ్చేశారు. వరసగా ప్రశ్నార్థకాలే మిగిలితే రాసినవాళ్ల దగ్గర అసలు ప్రతి ఉంది, దయచేసి ఈలోగా సేవ్ నొక్కకండి.