పాలపిట్ట కనబడలేదని కూడా రాయాలి

ఈ మెసేజ్ రావడం వారంలో ఇది ఐదోసారి. "పక్షుల లెక్క పేరుతో పచ్చి మోసం, ప్రతి తెలుగువాడూ చదవాలి" అని మొదలవుతుంది. నడుమ మూడు ఎర్ర సైరన్లు, చివర పది మందికి పంపాలని హుకుం. పంపేవాళ్లు బయటివాళ్లు కూడా కాదు. ఆదివారం పొద్దున బైనాక్యులర్ మెడకేసుకొని వడ్డేపల్లి చెరువు కట్ట మీద తిరిగే మిత్రులే. ముందు ఇరవై గ్రూపులకు పంపి, ఆ తర్వాత "నిజమేనా అన్నా?" అని అడుగుతున్నారు. ఆ రెండు పనులూ జర తిరగేసి చేస్తే బాగుండేది.

మెసేజ్‌లో ఏడు పాయింట్లున్నాయి. మొదటి మూడు, మామూలు జనం తాము చూసిన పిట్టలను యాప్‌లో రాసే ఈ పక్షుల లెక్కే మోసమంటాయి. తర్వాతి మూడు అదే లెక్కను "అసలు పద్ధతి"లో ఎట్ల చేయాలో నేర్పుతాయి. రాసినాయన నడుమ చాయ్‌కి లేచి, వచ్చేసరికి పైన ఏం రాశాడో మరిచిపోయినట్టున్నాడు.

ఒకటి: "విదేశీ యూనివర్సిటీ మన డేటా ఎత్తుకుపోయి అమ్ముకుంటుంది." ఆ జాబితాలన్నీ చేరే ఈబర్డ్ అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ వాళ్లదే, 2002 నుంచి నడుస్తోంది, ఇందులో రహస్యమేం లేదు. ఫారం నింపి అడిగితే ఆ డేటా మీకూ ఇస్తారు, పైసా తీసుకోరు. మన పక్షుల స్థితిపై 2020లో, 2023లో వచ్చిన జాతీయ నివేదికలు దాని ఆధారంగానే తయారయ్యాయి. తయారు చేసినవాళ్లలో భారత వన్యప్రాణి సంస్థ ఉంది, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఉంది. ఎత్తుకుపోయిన సొమ్ము తిరిగి మన ఇంట్లోనే దొరికిందన్నమాట.

రెండు: "మామూలు జనం లెక్క తప్పులతడక, అది సైన్స్ ఎట్లయితది?" తప్పులు ఉంటాయి. పొలంలో తెల్లకొంగ కనబడగానే ఏదో ఒక పేరు రాసేస్తారు. పశువుల కొంగకు ముక్కు పసుపు. చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, పాదాలు పసుపు. ఇది తెలియనివాడు రెంటినీ కలిపేస్తాడు. అందుకే ప్రాంతానికి, నెలకు తగ్గట్టు ఒక జల్లెడ ఉంటుంది. ఆ కాలంలో అక్కడ ఉండని పిట్టను రాసినా, పది ఉండే చోట ఐదు వందలని రాసినా ఎంట్రీ ఆగుతుంది. స్థానిక పరిశీలకుడు "ఫొటో ఉందా, ఎట్ల గుర్తుపట్టారు" అని అడుగుతాడు. జవాబు సరిగా లేకపోతే ఆ ఎంట్రీ విశ్లేషణకు పోదు. 2023 నివేదికకు 30 వేల మంది ఇచ్చిన 3 కోట్ల పరిశీలనలు వాడారు. అంత కుప్పలో ఒకరు అటు, ఒకరు ఇటు చేసే తప్పులు మునిగిపోతాయి.

మునగనిది ఒకటుంది, మెసేజ్ రాసినాయనకు తట్టలేదు గనుక ఆయన తరఫున నేనే చెప్తాను. అందరూ ఒకే దిక్కుకు చేసే తప్పు. సెలవు రోజే పోతాం, చెరువుల దగ్గరికే పోతాం, హైదరాబాద్ చుట్టే ఎక్కువ పోతాం. పత్తి చేన్లు, మిరప తోటలు, గుట్టలు ఎవరికీ పట్టవు. లెక్కగట్టేవాళ్లు దీన్ని కొంత సరిచేస్తారు, పూర్తిగా సరిచేయలేరు. 2023 నివేదిక 942 జాతులను పరిశీలిస్తే, అందులో 338 జాతులకే దీర్ఘకాలిక ధోరణి చెప్పగలిగింది. మిగతావాటికి చాలినంత సమాచారమే లేదు. భూపాలపల్లి దిక్కున ఓ చెలక గట్టు మీద నిలబడి కాకులు, గోరింకలు తప్ప ఏమీ లేని జాబితా రాసినా, ఊరి చెరువు మీద రాసే రెండు వందో జాబితా కంటే దానికే విలువెక్కువ.

మూడు: "పిచ్చుకలు సెల్ టవర్ల వల్ల పోయినయ్, అందరికీ తెలిసిందే, ఇంకా లెక్కెందుకు?" దేశం మొత్తం మీద ఊరపిచ్చుక సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉందని, హైదరాబాద్‌తో సహా ఆరు మహానగరాల్లో తగ్గుతోందని 2020 నివేదిక చెప్పింది. టవర్లే కారణమనడానికి గట్టి సాక్ష్యం లేదు. పిల్లలకు పెట్టడానికి పురుగులు కరువై, గూటికి సందులు కరువైన చోట అది తగ్గుతుంది. అందరికీ తెలిసింది తప్పని తేలడానికే ఆ లెక్క కావాల్సి వచ్చింది. తర్వాత.

నాలుగు. అసలు కొంప ముంచేది ఇది. "కాకులు, గోరింకలు రాసి టైం వేస్ట్ చేయకండి. అరుదైన పిట్ట కనబడితేనే రాయండి, సైన్స్‌కు కావాల్సింది అదే."

పాలపిట్టనే తీసుకుందాం. ఒక ఊర్లో పది మంది పది జాబితాలు రాశారనుకోండి, మూడింటిలో పాలపిట్ట ఉంది. అంటే పదికి మూడు. ఐదేళ్ల తర్వాత మళ్లీ పది రాశారు, ఒక్కదానిలోనే ఉంది. పదికి ఒకటి. పిట్ట తగ్గిందని తెలిసిపోయింది. ఇప్పుడు ఈ మహానుభావుడు చెప్పినట్టు, కనబడినవాళ్లే రాశారనుకోండి. అప్పుడు మూడుకు మూడు, ఇప్పుడు ఒకటికి ఒకటి. రెండుసార్లూ నూటికి నూరు! పిట్ట పోయింది, కాగితం మీద మాత్రం పండుగే. పాలపిట్ట గురించి ఎక్కువ చెప్పేవి అది కనబడిన జాబితాలు కావు, కనబడని జాబితాలు.

ఇది ఊరికే ఊహించి చెప్పేది కాదు. 30 శాతానికి పైగా తగ్గాయి, వీటి పరిస్థితిని ప్రపంచ స్థాయిలో మళ్లీ మదింపు చేయాలని 2023 నివేదిక 14 జాతులను పట్టి చూపింది. వాటిలో పాలపిట్ట ఉంది. మన తెలంగాణ రాష్ట్ర పక్షి. కరెంటు తీగ మీద కూర్చునే పిట్టను అరుదని ఎవరనుకున్నారు? ఈ నాలుగో పాయింట్ ప్రకారం పోతే పాతికేళ్లుగా దాన్ని ఒక్కరూ రాసి ఉండకపోదురు.

రాసే తీరు చెప్తాను. కనీసం 15 నిమిషాలు. మొదలుపెట్టిన టైం, నడిచిన దూరం సరిగా ఉండాలి. కాకి నుంచి కొంగ దాకా గుర్తుపట్టిన ప్రతిదీ, సంఖ్యతో. సంఖ్య బదులు ఎక్స్ పెడితే "ఉంది" అని తప్ప ఇంకేం తెలియదు. ధర్మసాగర్ చెరువులో బాతుల గుంపు ఉంటే పది లెక్కపెట్టి, ఆ పది ఎంత మేర ఆక్రమించాయో చూసి, అట్లాంటివి ఎన్ని పడతాయో కొలవండి. "సుమారు 200" అనేది ఎక్స్ కంటే వంద రెట్లు నయం. చోటు మారితే కొత్త జాబితా. చెరువు కట్ట దిగగానే యాప్‌లో మీ నడకను కొలిచే ట్రాక్ ఆపండి. ఆపకుండా బండెక్కి కాజీపేటలో ఇంటికి పోతే, మీరు 11 కిలోమీటర్లు నడిచినట్టు అది రాసుకుంటుంది.

చివర్లో యాప్ "ఇది పూర్తి జాబితానా?" అని అడుగుతుంది. గుర్తుపట్టలేనివి రెండు మూడు వదిలేసినా, గుర్తుపట్టినవన్నీ రాస్తే "అవును" అనొచ్చు. ఈ మెసేజ్ నమ్మి ఒక్క అరుదైన పిట్టే రాసి "అవును" నొక్కితే మాత్రం, ఆ పొద్దు భద్రకాళి చెరువు దగ్గర ఒక్క కాకి కూడా లేదని మీరు సంతకం పెట్టినట్టే. హనుమకొండలో కాకులు అంతరించినయ్, బ్రేకింగ్ న్యూస్ వేసుకోండి.

ఐదు: "పేర్లు నేర్చుకోనక్కర్లేదు, యాప్ చెప్పింది రాసేయండి." మెర్లిన్ అనే ఆ యాప్ పిట్ట కూత వింటుంది, పేరు సూచిస్తుంది, అంతే. ఏటూరునాగారం అడవిలో తోకకు రెండు కుచ్చులు వేలాడే ఏట్రింత డేగలా కూస్తుంది, ఇంకో పిట్టలా కూస్తుంది. ఒక్క పిట్టకు ఫోన్ మూడు పేర్లు రాసుకుంటుంది. పేరు పక్కన ఎర్ర చుక్క వచ్చిందంటే ఆ చోట అది అరుదని అర్థం. చంకలు గుద్దుకోకండి, పైకి చూడండి. కన్నో చెవో సాక్ష్యం చెప్పేదాకా రాయొద్దు.

ఆరు: "గూడు దగ్గర ఫోన్‌లో దాని కూత పెడితే పిట్ట బయటికొస్తుంది, ఫొటో తీసి లొకేషన్ పిన్ గ్రూప్‌లో పెట్టండి." ఎందుకొస్తుంది? ఇంకో పిట్ట తన జాగా గుంజుకోవడానికి వచ్చిందనుకొని, పోట్లాటకు వస్తుంది. అదే గుడ్లు పొదిగే పిట్టయితే ఆ కాసేపు గూడు గాలికే. మే నెల రామగుండం ఎండ కింద నీడలేని గూట్లో గుడ్డు ఉడకడానికి ఎంతసేపు? కాకి ఆ సందు కోసమే పక్క కొమ్మ మీద కాచుకొని ఉంటుంది. ఫొటోకు మాత్రం లైకులొస్తాయి లెండి.

ఏడు: "మీరు పెట్టే లొకేషన్ వేటగాళ్లకు దారి చూపుతుంది." ఇప్పుడే పిన్ పెట్టమన్నాడు కదా! సరే, ఇది నిజం. ఏడింటిలో ఇదొక్కటి పూర్తిగా ఒప్పు. దీపావళి అమావాస్యకు గుడ్లగూబల కోసం తిరిగేవాళ్లున్నారు. దసరాకు పాలపిట్టను పట్టి, పంజరంలో పెట్టి, పైసలకు చూపించేవాళ్లున్నారు. జీవుల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్ యాప్ ముప్పున్న జాతుల చోటును తనంతట తానే మసక చేస్తుంది, మిగతావాటికి ఆ సెట్టింగ్ మీరే మార్చాలి. ఈబర్డ్ కూడా సున్నితమైన కొన్ని జాతుల చోటు దాస్తుంది. వాట్సాప్ గ్రూప్‌లో మీరు వేసే పిన్‌ను ఎవరూ దాచరు. మామూలుగా పంపిన ఫొటోలో లొకేషన్ ఊడిపోతుంది గానీ, క్వాలిటీ పోవద్దని డాక్యుమెంట్‌గా పంపితే అట్లే ఉంటుంది. ఇక దసరా ముందు పాలపిట్ట ఎక్కడుందని గ్రూప్‌లో ఎవరడిగినా మండలం పేరు చెప్పండి, అది ఉండే తాటి మోడు చూపించొద్దు.