బల్లుల టీషర్టు గారికి

మహారాజశ్రీ ఛారిటీ టీషర్టు గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. తమరు మా బీరువా అడుగు అరలో, పాత దుప్పటి కింద క్షేమంగానే ఉన్నారని నిన్ననే చూశాను. వ్రాయునది ఏమనగా, తమరు మా కాలనీకి వేంచేసి ఏడాది కావస్తోంది. తమరిని మళ్లీ పిలవాలని కమిటీ వాళ్లు కొత్త వాట్సాప్ గ్రూపు పెట్టారు. దాని పేరు ‘టీషర్ట్ 2’. బడి పేరు పెట్టలేదు, నడక పేరూ పెట్టలేదు. కాబట్టి ముందుగా తమరితోనే నాలుగు మాటలు చెప్పుకుందామని ఈ ఉత్తరం.

మొదట అనుకున్నది చిన్న పనే. కాలనీ వెనక ప్రభుత్వ బడిలో రెండు తరగతుల పిల్లలు నేల మీద కూర్చుంటున్నారు. ఇరవై బల్లలు కావాలన్నారు హెడ్‌మాస్టారు. ఒక్కోటి 4,500 రూపాయలు. ఆదివారం పొద్దున్నే మూడు కిలోమీటర్లు నడుద్దాం, మనిషికి 300 తీసుకుందాం, బల్లలు కొనిద్దాం. ఇదంతా పది నిమిషాల్లో తేలిపోయింది. పదకొండో నిమిషంలో ఎవరో “మరి టీషర్టు?” అన్నారు. ఆ తర్వాత నెలన్నర పాటు బల్లల ఊసు ఎవరూ ఎత్తలేదు.

రంగు దగ్గరే పదిహేను రోజులు పోయాయి. గులాబీ అంటే ఒక పార్టీ, పసుపు అంటే ఇంకో పార్టీ, కాషాయం అనగానే ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు, ఎరుపు అనగానే ముగ్గురు “సమ్మెకా?” అన్నారు. తెల్లవి వేసుకుంటే అందరం ఎమ్మెల్యే అనుచరుల్లా ఉంటామట. నలుపు శుభమా అని పై అంతస్తు మామ్మగారు. హైదరాబాదులో ఏ జెండాకీ తగలని రంగు వెతికి వెతికి చివరికి మెలాంజ్ గ్రే, అంటే నలుపు తెలుపు పోగులు కలిసిన బూడిద రంగు దగ్గర ఆగాం. చెమట పడితే ఆ రంగు అందరికీ చాటి చెబుతుందన్న సంగతి నడక మొదలైన పావుగంటకి గానీ తెలియలేదు. ఫొటోల్లో మా కమిటీ అంతా అప్పుడే చెరువులోంచి లేచి వచ్చినట్టు ఉంటుంది.

తర్వాత ప్రింటింగ్ షాపాయన “జీఎస్‌ఎం ఎంతలో కావాలి సార్?” అన్నాడు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే లెక్కట అది. 180 అయితే నిండుగా ఉంటుంది, తిరుప్పూరు సరుకు, బయోవాష్ చేసింది, ఉతికినా నూగు లేవదు అన్నాడు. ఆ రోజు నుంచీ మా సెక్రటరీ గారు పెళ్లికి వెళ్లినా సరే, ఎదుటివాళ్ల చొక్కా అంచు రెండు వేళ్లతో నలిపి “ఇది 160 కూడా ఉండదు” అంటున్నారు.

ఇక సైజులు. తమరి ముందు దాపరికం ఎందుకు, ఆ విషయంలో కాలనీ మొత్తం అబద్ధమే చెప్పింది. ఛాతీ 40 అంగుళాలైతే ఎం, 42 అయితే ఎల్, 44 అయితే ఎక్స్‌ఎల్ అని పట్టిక పెట్టాం. టేపు తీసిన మనిషి ఒక్కడూ లేడు. మూడో అంతస్తు బాబాయిగారు తన పెళ్లినాటి సైజు రాశారు. ఆ పెళ్లికి వచ్చినవాళ్లలో సగం మంది ఇప్పుడు లేరు. ఒకావిడ ‘నార్మల్ సైజ్’ అని రాసి ఊరుకుంది. పంచేరోజు ఎక్స్‌ఎల్‌ల కోసం కొట్టుకున్నంత పని చేశారు. ఎమ్‌లు మాత్రం కట్ట విప్పకుండా అలాగే మిగిలాయి.

అసలు కథ ఛాతీ మీది అక్షరాలది. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్ కట్టాలి, స్క్రీన్‌కి 400. ముందు వైపు నినాదానికి ఒకటి. వెనక వైపు ఎనిమిది మంది స్పాన్సర్లు, అంటే చికెన్ సెంటరు, పంటి డాక్టరు, చిట్‌ఫండు వగైరా, వాళ్లందరికీ కలిపి మూడు. బడి పేరు భుజం మీద వేయాలంటే అయిదోది కట్టాలన్నాడు. 400 దండగెందుకని బడి పేరు మానేశాం.

నినాదం ‘మన బడికి బల్లలు ఇద్దాం’. వాట్సాప్‌లో పంపాం. ఆయన కంప్యూటర్లో అతికించేసరికి వత్తులన్నీ ఊడి పక్కన పడ్డాయట. పాత సాఫ్ట్‌వేర్లకీ మన యూనికోడ్ తెలుగుకీ పడదు కదా. సరే, చూసి మళ్లీ టైపు చేయిస్తానన్నాడు. ప్రూఫ్ గ్రూపులో పెట్టాడు. తొమ్మిది బొటనవేళ్లు లేచాయి. ‘సూపర్’ అని ముగ్గురు. నాలుగో బొటనవేలు నాదే, ఒప్పుకుంటున్నాను.

కట్టలు విప్పాక, ఆరో తరగతి చదివే పాప గట్టిగా చదివింది: “మన బడికి బల్లులు ఇద్దాం.”

120 చొక్కాలు. ఒక్కో దాని మీద బల్లులు. ప్రూఫ్ ఓకే చేసింది మీరే కదా సార్ అన్నాడు షాపాయన, నిజమే కదా మరి. ‘ల్లు’కి కొమ్ము గీకేస్తే బల్ల అయిపోతుందని ట్రెజరర్ గారు బ్లేడు తెచ్చారు. అయిదు చొక్కాలకి అయిదు బొక్కలు పడ్డాయి గానీ కొమ్ము కదల్లేదు. ఛాతీ మీద బల్లి పడితే ఫలితమేమిటో పంచాంగంలో చూడమని మామ్మగారిని అడిగాం. ఇంతమంది మీద ఒకేసారి పడితే ఏమిటన్నది అందులో రాయలేదట. హెడ్‌మాస్టారు మాత్రం చదివి, కళ్లజోడు తుడుచుకుని, మళ్లీ చదివి, “అవి మాకు సరిపడా ఉన్నాయండీ” అన్నారు.

లెక్కలు కూడా చెప్పుకోవాలి. 100 అయితే చొక్కా 250, 120 తీసుకుంటే 230 అంటే ఆశపడి 120 చేయించాం. 27,600. స్క్రీన్లకి 1,600. వెరసి తమరి రాకకి అయిన ఖర్చు 29,200. నడవడానికి వచ్చినవాళ్లు 104 మంది, 31,200. స్పాన్సర్లవి 8,000. ఇడ్లీ, మైకు, ఫ్లెక్సీకి 5,500 పోను మిగిలింది సరిగ్గా 4,500.

ఒక బల్ల.

ఆ 29,200తో ఆరు బల్లలు వచ్చేవి కదా అని తమరిని నిలదీద్దామనుకున్నాను. కానీ అంతకు ముందు ఏడాది తమరు లేకుండానే, రసీదు పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాం. సార్ లేరు, ఫోన్‌పే పనిచేయట్లేదు, మొన్ననే వినాయక చవితికి ఇచ్చాం. మొత్తం 2,350 వచ్చింది. అదే మనుషులు 230 రూపాయల చొక్కా కోసం కిక్కురుమనకుండా 300 ఇచ్చారు. మా నాయనమ్మ సంక్రాంతికి గుమ్మడికాయకి కన్నం పెట్టి, లోపల రూపాయి బిళ్లలు దాచి దానమిచ్చేది. పుచ్చుకున్నవాళ్లకి కూడా కోసుకుంటే గానీ తెలిసేది కాదు. ఇవాళ అయితే ఆ గుమ్మడికాయ మీద కమిటీ లోగో ఎక్కడ వేయాలని వారం రోజులు చర్చ జరిగేది. అందులో నేనూ ఉండేవాణ్ణి.

మిగిలిన పదహారులో బొక్కలు పడ్డ అయిదూ పోను పదకొండు ఎమ్‌లు బడికి ఇచ్చేశాం, ఆ బల్లతో పాటు. పిల్లలకి మోకాళ్ల దాకా వస్తున్నాయి. వెనక ఉన్న చికెన్ సెంటరు పేరు నడుము కిందికి జారిపోయింది. కానీ పదకొండు దొరికాయని వాళ్లు క్రికెట్ టీమ్ కట్టారు. టీమ్ పేరు బల్లులు. కొమ్ము గీకుతారా అని అడిగితే కెప్టెన్ నా వంక జాలిగా చూశాడు.

మొన్న ఆదివారం మా కాలనీ పిల్లల్ని ఆరు వికెట్ల తేడాతో ఓడించారు.

ఇట్లు,
ఎక్స్‌ఎల్ అయి ఉండి ఎల్ అని రాసిన కమిటీ సభ్యుడు