మేరీ రీబీ వేలంలో అమ్ముడైన బానిస కాదు: ఒక ప్రచారానికి ఖండన

ఆస్ట్రేలియా ఇరవై డాలర్ల నోటు మీదున్న మేరీ రీబీ బొమ్మతో ఒక కథనం కొంతకాలంగా వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. గుర్రాన్ని దొంగిలించిందని పదమూడేళ్ల పిల్లకు ఇంగ్లండు యావజ్జీవ శిక్ష వేసి హంతకులతో కలిపి ఓడ ఎక్కించిందని, వారిలో సగం మంది దారిలోనే చనిపోయారని, సిడ్నీలో ఆమెను బానిసగా వేలం వేశారని, ఆమె మళ్లీ పుట్టిన గడ్డను చూడలేదని దాని సారాంశం. నోటు మీద ఆమె బొమ్మ 1994 నుంచి ఉన్న మాట, గుర్రం దొంగతనానికి శిక్ష పడిన మాట నిజమే. మిగిలిన వాటిలో చాలా భాగం ఆమె జీవితానికి సంబంధించిన పత్రాల ముందు నిలవదు.

వయసు సంగతి చిన్నది. ఆమె 1777 మే 12న లాంకషైర్‌లోని బరీలో మాలీ హేడాక్‌గా పుట్టి, 1792 అక్టోబరులో 'రాయల్ అడ్మిరల్' అనే ఓడలో సిడ్నీ చేరింది కాబట్టి అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. పేరు సంగతి అంత చిన్నది కాదు. పట్టుబడినప్పుడు ఆమె మగపిల్లవాడి దుస్తుల్లో జేమ్స్ బరో అనే పేరుతో తిరుగుతోంది. రీబీ అన్నది 1794లో జరిగిన పెళ్లితో వచ్చిన ఇంటిపేరు. అందువల్ల ఆమెను విచారించిన ఇంగ్లండులోని స్టాఫర్డ్ కోర్టు పత్రాల్లో మేరీ రీబీ కోసం వెతికేవారికి ఏమీ దొరకదు, ఆ ఖాళీని కట్టుకథలు నింపుతాయి.

యావజ్జీవం అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించడానికి ఒక ఆధారం ఉంది. కోర్టు వేసింది ఏడేళ్ల ద్వీపాంతరవాసం. అయితే ఓడ తీరం చేరిన రోజుల్లోనే ఆమె ఇంగ్లండులోని తన బంధువు పెనలోపీకి రాసిన ఉత్తరం ఇప్పటికీ ఉంది. ఇక్కడివాళ్లు తనది జన్మాంతం అంటున్నారని, గవర్నరు మాత్రం ఏడేళ్లే అన్నారని, ఆ ఆలోచనే తనను బాధిస్తోందని, రెండు మూడేళ్లలో వీలు దొరికితే బయటపడతానని ఆమె అందులో రాసింది. భయపడిన ఒక పిల్ల విన్న పుకారును తీర్పుగా చదవకూడదు. మనకు ద్వీపాంతరం అనగానే అండమాన్ గుర్తుకొచ్చి, వెళ్తే తిరిగి రారన్న భావం కలుగుతుంది గానీ, ఆ శిక్షా స్థావరం మొదలైంది 1858లో, అంటే ఈమె ప్రయాణానికి అరవై ఆరేళ్ల తర్వాత.

హంతకులతో పంపారన్నది కూడా సరికాదు. ఆ కాలపు ఇంగ్లండులో హంతకులకు సాధారణంగా పడేది ఉరి. 1788 నుంచి 1868 వరకు ఆస్ట్రేలియాకు పంపిన సుమారు 1,62,000 మందిలో అధిక భాగం దొంగతనాల వంటి నేరాలకు శిక్షపడినవారే. సగం మంది చనిపోవడం అటుంచితే, అత్యంత ఘోరమైనదిగా పేరుపడిన 1790 నాటి, ఖైదీలను తెచ్చిన రెండో ఓడల బృందంలో సైతం సముద్రం మీద పోయినవారు సుమారు నాలుగో వంతు. అదే దారుణం, దాన్ని పెంచి చెప్పవలసిన అవసరం లేదు.

బానిసగా వేలం వేశారన్న ఆరోపణ వేరే ఖండపు కథను ఇక్కడ అతికించింది. ఖైదీలను ద్వీపాంతరం పంపే 1718 చట్టం తర్వాత, అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వచ్చేదాకా, బ్రిటన్ వేలాది ఖైదీలను మేరీలాండ్, వర్జీనియాలకు పంపింది. అక్కడ గుత్తేదారులు వారి శిక్షాకాలపు చాకిరీని తోటల యజమానులకు అమ్మిన మాట వాస్తవం. సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ కాలనీలో మాత్రం ప్రభుత్వమే ఖైదీలను పనులకు కేటాయించేది. మేరీని మేజర్ ఫ్రాన్సిస్ గ్రోస్ ఇంట పిల్లల ఆయాగా పెట్టారు. ఆ పద్ధతి దయగలదని నేను అనను, కొరడా దెబ్బలు అందులో భాగమే. కానీ శిక్షకు గడువుండేది, పుట్టిన పిల్లలు స్వతంత్రులు, కోర్టు తలుపు పూర్తిగా మూసి ఉండేది కాదు. 1788లోనే హెన్రీ, సుసానా కేబుల్ అనే ఖైదీ దంపతులు తమ సామాను పోగొట్టినందుకు ఓడ కెప్టెన్ మీద దావా వేసి పదిహేను పౌండ్లు గెలిచారు. శిక్షపడిన వారికి ఇంగ్లండులోనే దక్కని హక్కు అది. వేలంలో కొన్న బానిసకు అసలు ఊహించలేము.

ఇక పుట్టిన గడ్డను చూడలేదన్న మాట. ఈస్టిండియా కంపెనీలో పనిచేసిన భర్త టామస్ రీబీ 1811లో మరణించాక, ఏడుగురు పిల్లలతో పాటు ఓడల వ్యాపారాన్ని కూడా ఆమే నడిపించింది. 1820లో ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని, ఛార్జీ చెల్లించిన ప్రయాణికురాలిగా ఇంగ్లండుకు వెళ్లి, లాంకషైర్‌ను చూసి, మరుసటి ఏడాది సిడ్నీకి తిరిగొచ్చింది.

ఈ ప్రయాణం తెలియకపోతే 1828 జనగణన పత్రం కూడా మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కాలనీకి ఎలా వచ్చారన్న ప్రశ్నకు ఆమె 1821లో స్వేచ్ఛగా వచ్చానని రాయించింది. ఆ ఏడాది ఓడ దిగిన మాట అబద్ధం కాదు. 1792 నాటి ఓడ మాత్రం ఆ జవాబులో లేదు.