ఆ బల్లలూ బీరువాలూ వదిలేస్తే కథ కూడా పోతుంది

"పంతొమ్మిదో శతాబ్దపు యూరప్ నవలల్లో గదుల వర్ణనలు, సామాన్ల జాబితాలు పదానికింతని డబ్బులొస్తాయని సాగదీసినవే. ఆ పేజీలు తిప్పేసినా కథేం పోదు" అన్న మాట తెగ షేర్ అవుతోంది. కొత్తగా ఆ నవలలు పట్టుకునేవాళ్లకి దీన్నే సలహాగా చెబుతున్నారు, అందుకే రాయాలనిపించింది.

ముందు డబ్బుల సంగతి. ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్‌కి పదాల లెక్కన ఎవరూ ఇవ్వలేదు. నెలనెలా వచ్చే ఆయన నవలలకి సంచికకి 32 పేజీలు, డబ్బు కూడా సంచిక లెక్కనే, ఎక్కువైతే కోసెయ్యాల్సిందే. ఫ్రెంచి పత్రికలు నవలాకారుడు డ్యూమాకి లైనుకింతని ఇచ్చిన మాట నిజం, కానీ అలాంటప్పుడు లాభం "ఎవరది?" "నేనే" లాంటి పొట్టి సంభాషణల్లో ఉంటుంది గానీ పేజీ నిండా బీరువాని వర్ణిస్తే ఏమొస్తుంది? ఇక ఇంకో ఫ్రెంచి రచయిత ఫ్లోబేర్ దాదాపు 5 ఏళ్లు కూర్చుని రాసిన 'మదామ్ బోవరీ' పుస్తకం హక్కులకి మొదట అందుకున్నది 800 ఫ్రాంకులే.

కథేం పోదంటారా? ఫ్రెంచి రచయిత బాల్జాక్ నవల 'పేర్ గోరియో' మొదలు నెమ్మదే, ఒప్పుకుంటాను. కానీ అందులో గోరియో అనే ముసలాయన ఒక అద్దె బసలో ఏడాదికి 1200 ఫ్రాంకుల అద్దెతో మొదటి అంతస్తులో, వెండి సామాను చుట్టూ పెట్టుకుని దిగుతాడు. తర్వాత రెండో అంతస్తుకి, ఆపైన మూడో అంతస్తుకి మారతాడు. పైకెక్కేకొద్దీ గది చౌక, వెండి మాయం. కూతుళ్లు తండ్రిని ఎంతగా పిండేస్తున్నారో ఆ గదులు చూస్తేనే అర్థమవుతుంది.

ఇంకోమాట కూడా అంటారు, "ఆ కథల్లో ఆడవాళ్లకి వస్తువుల పిచ్చి" అని. ఇది నాకు నిజంగా కోపం తెప్పిస్తుంది. ఇంగ్లిష్ రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల 'ది మిల్ ఆన్ ది ఫ్లాస్' (1860)లో భర్త కోర్టులో ఓడి దివాలా తీసి మంచాన పడితే, మిసెస్ టలివర్ సామాన్ల గదిలో కూర్చుని, తనే వడికిన నూలుతో నేయించి పుట్టింటి పేరు కుట్టుకున్న గుడ్డల్ని చూసి ఏడుస్తుంది. నాన్న అలా పడుంటే అమ్మకి గుడ్డల గోలా అని కూతురు మేగీకి ఒళ్లు మండుతుంది. మనకీ మొదట అలాగే ఉంటుంది. కానీ అప్పటి ఇంగ్లండ్ చట్టంలో పెళ్లవగానే భార్య తెచ్చుకున్న సామానంతా భర్తదే. ఆమె సొంత సంపాదన ఆమెదేనని 1870లో, ఆస్తి కూడా ఆమెదేనని 1882లో చట్టాలొచ్చాయి. కాబట్టి తన చేత్తో వడికిన గుడ్డలు ఆయన అప్పు కింద వేలానికి పోతుంటే, ఆపడానికి ఆమెకి ఏ హక్కూ లేదు. ఏడవక ఏం చేస్తుంది?

'మదామ్ బోవరీ' నాయిక ఎమ్మా మోజు పడి వస్తువులు కొన్న మాట నిజమే. ఆ మోజు కనిపెట్టి, ఒక్కో వస్తువూ అప్పుగా అంటగట్టి, కాగితం మీద కాగితం రాయించుకున్న వ్యాపారి లెరో మాత్రం వీళ్ల లెక్కలోకి రాడు. చివరికి 8000 ఫ్రాంకుల బాకీకి జప్తు చెయ్యడానికి మనుషులొచ్చి గిన్నెలు, కుర్చీలు, ఆమె బట్టలు కూడా లెక్క రాసుకుని, అటకమీది గదిలో ఆమె తాళం వేసుకున్న డెస్కు కూడా తెరిపిస్తారు. అందులో ఉన్నవి పాత ప్రియుడి ఉత్తరాలు. మధ్యలో బంగారు నాణేలున్నాయేమోనని ఒకడు వాటిని వంచి చూస్తుంటే, ఎమ్మా అక్కడే నిలబడి ఉంటుంది.