పొగ ఎటు పోతోందో తెలిస్తే చాలదు
2023 జూన్ 7న న్యూయార్క్ ఆకాశం పట్టపగలే నారింజ రంగుకు తిరిగింది. క్విబెక్ అడవులు తగలబడుతుంటే, వందల కిలోమీటర్ల అవతల జనం మాస్కులు వెతుక్కున్నారు. పొగ దక్షిణానికి సాగుతున్న తీరు ఉపగ్రహ చిత్రాల్లో స్పష్టంగా కనిపిస్తూనే ఉంది. కనిపించేది నేల మీదికి దిగుతుందా, పైపైనే పోతుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబిచ్చే పరికరాల మీద ప్రభుత్వాలు పెడుతున్న శ్రద్ధ చాలదని మా అభిప్రాయం.

చూసే కళ్లకు కొదవ లేదు. అమెరికా గోస్, జపాన్ హిమవారి ఉపగ్రహాలు పది నిమిషాలకోసారి భూగోళాన్ని చిత్రిస్తాయి. మంట రాజుకున్న చోటును, వేడిని పసిగట్టే 3.9 మైక్రాన్ల తరంగదైర్ఘ్యపు పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) ఛానల్ రాత్రి కూడా పట్టేస్తుంది. పొగ అలా చిక్కదు. పలుచటి పొగలోంచి పరారుణ కిరణాలు దాదాపు అడ్డు లేకుండా సాగిపోతాయి కాబట్టి అది కనిపించాలంటే ఎండ కావాలి. సూర్యుడు వాలి ఉన్న ఉదయం, సాయంత్రం వేళల్లో పొగ తెర చక్కగా తెలుస్తుంది. నడినెత్తికొచ్చేసరికి అదే పొగ వెలిసినట్టవుతుంది. చీకటి పడ్డాక చిత్రంలో మంటలు మిగులుతాయి, పొగ మాయమవుతుంది. అది తెల్లారేలోగా ఎవరి ఊరి మీదికి చేరుతుందో చెప్పాలంటే కంప్యూటర్ అంచనాలే దిక్కు.

దుమ్ము ఈ విషయంలో కొంత నయం. అందులోని ఖనిజాలు 11, 12 మైక్రాన్ల దగ్గర పరారుణాన్ని వేర్వేరు మోతాదుల్లో పీల్చుకుంటాయి. ఆ తేడాకు రంగులద్దితే దుమ్ము ముదురు గులాబీ రంగులో తేలుతుంది, రాత్రయినా సరే. 2020 జూన్‌లో సహారా దుమ్ము అట్లాంటిక్ దాటి కరీబియన్ దీవులకు చేరేదాకా దాన్ని వెంటాడగలిగాం. అయితే 2023 మే 1న ఇల్లినాయ్‌లో హైవే మీద పదుల కొద్దీ వాహనాలు ఢీకొనడానికి కారణం పక్క పొలాల నుంచి లేచిన దుమ్ము. పరారుణ చిత్రంలో ఒక్కో చుక్క రెండు కిలోమీటర్లు. అంతకన్నా సన్నటి దుమ్ము పాయ అందులో కలిసిపోతుంది, డ్రైవర్‌కు మాత్రం ముందున్న బండి కనపడదు.

పైనుంచి తీసిన చిత్రం నేల నుంచి అంతరిక్షం దాకా ఉన్న మసకనంతా ఒక్కటిగా చూపిస్తుంది. మనం పీల్చేది అడుగు పొరనే. లేజర్‌తో పొగ ఎత్తును కొలిచిన కాలిప్సో ఉపగ్రహం పని 2023 ఆగస్టులో ముగిసింది. అలాంటి లేజరే ఉన్న ఎర్త్‌కేర్ ఉపగ్రహాన్ని యూరప్, జపాన్ కలిసి పంపింది 2024 మేలో. ఇంత అవసరమైన కొలతకు మధ్యలో అన్ని నెలలు గండి పడడం క్షమించరానిది. పైగా ఇలాంటి లేజర్ తన దారి కిందున్న సన్నటి గీతనే కొలుస్తుంది. మిగతా చోట్ల, గాలిలోని అతి సన్నటి కణాలను కొలిచే నేల మీది పీఎం 2.5 మీటర్లే ఆధారం. ఆస్తమా ఉన్న పిల్లాణ్ని ఇవాళ ఆటలకు పంపాలా వద్దా అని టెన్షన్ పడే తల్లికి ఉపయోగపడేది ఆ మీటర్ అంకె. అవి పెద్ద నగరాల్లోనే గుంపుగా ఉంటే, అడవి అంచున తొలి పొగ పీల్చేవాళ్లకు ఎవరు చెప్పాలి? కొత్త మీటర్లు ముందు అక్కడే పెట్టాలి. ఎర్త్‌కేర్‌ను మూడేళ్ల ఆయుష్షుకే రూపొందించారు. దాని తర్వాత ఏ ఉపగ్రహమన్నది ఇప్పుడే తేల్చాలి.