జియోసర్వర్ వారి బూడిదరంగు పాలిగాన్ గారికి బహిరంగ లేఖ

అయ్యా డిఫాల్ట్ స్టైల్ గారూ,

మ్యాపులను వెబ్‌లో చూపించే జియోసర్వర్ సాఫ్ట్‌వేర్‌లో, మండలాల లేయర్ (మ్యాపు మీది పొర) మీద మేం ఓపిగ్గా వేసుకున్న రంగులన్నీ మాయమై, లోపల బూడిద, చుట్టూ నల్లగీతతో మీరు దర్శనమిస్తే మాకు తట్టేది ఒక్కటే: రంగులూ గీతలూ రాసి ఉంచిన స్టైల్ ఫైలు పోయింది! చాలాసార్లు అదేం పోదు. స్టైల్స్ ఫోల్డర్‌లో నిక్షేపంగా ఉంటుంది. లేయర్‌నే ఎవరో తీసేసి మళ్లీ పబ్లిష్ చేసి ఉంటారు, లేదా రాత్రి నడిచే స్క్రిప్టు రెస్ట్ (ప్రోగ్రాములు సర్వర్‌కు ఆదేశాలు పంపే దారి) ద్వారా కొత్తగా ఎక్కించి ఉంటుంది. పాత లంకె తెగింది కదాని సర్వర్ జామెట్రీ (చుక్కా, గీతా, పాలిగాన్ అనే బహుభుజా అన్నది) చూసి మిమ్మల్ని ఇన్‌చార్జి అధికారిగా కూర్చోబెడుతుంది. హెచ్చరికా ఉండదు, ఉత్తర్వు కాపీ కూడా ఉండదు.

మిమ్మల్ని దింపడం తేలికే. లేయర్‌లో పబ్లిషింగ్ ట్యాబ్ తెరిచి, డిఫాల్ట్ స్టైల్ మార్చి సేవ్ కొడితే చాలు. స్క్రిప్టయితే లేయర్‌ను సృష్టించే పోస్ట్ ఆదేశం పంపాక, స్టైల్ పేరుతో లేయర్ మీద దాన్ని మార్చే పుట్ ఆదేశం కూడా ఒకటి పంపాలి. జాబితాలో ఆ పేరే లేదా? ఎస్‌ఎల్‌డీ ఫైలు (స్టైల్ రాసి ఉండేది) ఒక్కటే కాపీ చేసి చేతులు దులుపుకుని ఉంటారు. ఆ స్టైల్‌ను సర్వర్‌కు పరిచయం చేసే జోడీ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు పక్కన లేకపోతే సర్వర్ దాన్ని లెక్కచెయ్యదు. రెండూ పెట్టి, సర్వర్ స్టేటస్‌లో రీలోడ్ నొక్కాలి. వేరే వర్క్‌స్పేస్‌లోని (లేయర్లనూ స్టైళ్లనూ విడివిడిగా ఉంచే విభాగంలోని) స్టైల్ అయితే ఎన్నిసార్లు నొక్కినా రాదనుకోండి.

నిజానికి మీరే నయం, కనీసం కంటికి కనబడతారు. మీ తమ్ముడు ఖాళీ మ్యాపు ఉన్నాడే, వాడితోనే చిక్కు. వాడొస్తే, మ్యాపు బొమ్మను అడిగే గెట్‌మ్యాప్ యూఆర్ఎల్‌ను బ్రౌజర్‌లో విడిగా తెరవాలి. అడిగిన స్టైల్ లేదనో, స్టైల్‌లో రాసిన కాలమ్ లేయర్‌లో లేదనో సర్వర్ అక్కడ ఎక్స్‌ఎమ్‌ఎల్‌లో మొత్తుకుంటూ ఉంటుంది. బొమ్మ కోసం చూసే మ్యాపుకు ఆ గోడు వినిపించదు. డేటా షేప్‌ఫైల్ అనే మ్యాపు ఫైలు నుంచి పోస్ట్‌జీఐఎస్ డేటాబేస్‌కు మారినప్పుడు పెద్దక్షరాల కాలమ్ పేర్లు చిన్నక్షరాలైపోతే జరిగేది ఇదే.

ఎర్రరేమీ లేకుండా ఖాళీగా వచ్చిందంటే స్టైల్‌లోని రూల్స్ (ఏది, ఏ స్కేల్ దగ్గర గీయాలో చెప్పేవి) చూడండి. మ్యాక్స్ స్కేల్ డినామినేటర్ 1,00,000 అని (అంటే స్కేల్ అంకె అంతకు మించితే గీయొద్దని) రాసి, వెబ్ మ్యాపులు వాడే వెబ్ మెర్కేటర్‌లో జూమ్ 12 దగ్గర ఆగి వెతికితే ఏం దొరుకుతుంది? అక్కడ స్కేల్ సుమారు 1,36,495. జూమ్ 13కి వెళ్తే 68,247, అప్పుడు గీస్తుంది. స్కేల్ సరిగ్గానే ఉంటే ఫిల్టర్‌లోని విలువకూ టేబుల్‌లోని విలువకూ ఎక్కడో ఒక స్పేస్ తేడా ఉందేమో చూడండి.

ఎస్‌ఎల్‌డీని డిస్క్ మీదే దిద్ది, పాత రంగులే వస్తున్నాయని మిమ్మల్ని తిట్టేవాళ్లూ ఉన్నారు. పాపం, అందులో మీ తప్పేం లేదు. టైల్ లేయర్స్‌లోకి వెళ్లి కాష్ (ముందే గీసి దాచిన బొమ్మలు) ఖాళీ చేయమనండి.

ఇట్లు,
మీ బూడిద దులుపుకుంటున్న మ్యాపులవాళ్లు

తా.క.: తెలుగులో రాసిన ఊళ్ల పేర్లు డబ్బాలుగా వస్తే అది మీ పని కాదని మాకు తెలుసు. స్టైల్ గీసిన కంప్యూటర్‌లో ఉన్న ఫాంటు సర్వర్‌లో లేదు. సర్వర్ స్టేటస్‌లో ఫాంట్ల జాబితా చూసుకుని, లేనిది ఎక్కించి, సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తాం.